రెండో వయొలిన్లలో ఆఖరి కుర్చీ

పెళ్ళయి అమెరికాలో నోవై అనే ఊరికి వచ్చిన కొత్త రోజుల్లో, సంగీతమంటే నేల మీద కూర్చుని చేసే పని అనుకునేదాన్ని. అందులో అనుమానించవలసింది ఏమీ నాకు కనబడలేదు. కాకినాడలో మా గురువుగారింట్లో చాప మీద బాసిపట్లు వేసుకుని, వయొలిన్ ఒక కొస గుండెకి ఆనించుకుని, రెండో కొస కుడి పాదం మీద నిలబెట్టుకుని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాను. నిలబడి వంట చేస్తారు, కూర్చుని వయొలిన్ వాయిస్తారు, లోకమంతా ఇంతే అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ అమ్మాయి ధీమాకి నవ్వొస్తుంది. కాస్త ఈర్ష్య కూడా వేస్తుంది, ఎందుకంటే ఇప్పుడు నాకు ఏ విషయంలోనూ అంత ధీమా లేదు.

మా ఆయన కార్ల కంపెనీలో బ్రేకుల సాఫ్ట్‌వేర్ రాసేవారు. (ఇప్పటికీ అదే రాస్తున్నారు. బ్రేకులు ఇంకా పూర్తయినట్టు లేదు.) నాది హెచ్-ఫోర్, భర్త మీద ఆధారపడ్డ డిపెండెంటు వీసా. అంటే ఈ దేశంలో ఊపిరి పీల్చుకోవచ్చు, షాపింగ్ చేయొచ్చు, జీతం మాత్రం తీసుకోకూడదు. డ్రైవింగ్ లైసెన్స్ ఇంకా రాలేదు. బయట మంచు. కిటికీలోంచి చూస్తే మంచు కప్పిన కార్లు, ఆ కార్లని తవ్వుకుంటున్న మనుషులు తప్ప ఇంకేమీ కనబడేది కాదు. అందుకని పొద్దున్నే ఆయన ఆఫీస్‌కి వెళ్ళగానే హాల్లో కార్పెట్ మీద దుప్పటి పరుచుకుని వయొలిన్ తీస్తే మళ్ళీ రాత్రికి గానీ పెట్టెలో పెట్టేదాన్ని కాదు. కొన్నాళ్ళకి కింద ఇంటాయన తన సీలింగ్‌ని, అంటే మా నేలని, కర్రతో కొట్టడం మొదలుపెట్టాడు. మొదట్లో తాళం వేస్తున్నాడనుకున్నాను. తాళం తప్పుతున్నాడని కూడా అనుకున్నాను. అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి ఫోనొచ్చాక గానీ ఆయన రసికుడు కాదని తెలియలేదు.

ఆ సాయంత్రం మా ఆయన చాలా జాగ్రత్తగా మాట మొదలుపెట్టారు. "లైబ్రరీలో నోటీస్ చూశాను. ఇక్కడ కమ్యూనిటీ సింఫనీ ఆర్కెస్ట్రా ఉందంట. వయొలిన్ వాళ్ళు కావాలంట. శాలరీ ఉండదు కాబట్టి వీసాకి ప్రాబ్లమ్ లేదు. చేర్పించేయనా?"

"చేర్పించేయడానికి నేనేమైనా ఎల్‌కేజీ పిల్లనా?"

"అది కాదే. వారానికి ఒక సాయంత్రమైనా కింద ఇంటాయనకి రెస్ట్ ఉంటుంది కదా."

ఇలా నేను పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ప్రవేశించాను.

ఆడిషన్ ఒక హైస్కూల్ సంగీతం గదిలో. ఆర్కెస్ట్రా కండక్టరు రిటైరైన స్కూల్ టీచరు, సన్నగా, పొడుగ్గా, తెల్ల జుట్టుతో ఉండేది. ఆవిడ చేతిలో కండక్టర్ల సన్న కర్ర లేకుండా నేనెప్పుడూ చూడలేదు. పార్కింగ్ లాట్‌లో దారి చూపించడానికి కూడా దాన్నే వాడేది. ఇంట్లో మేమావిడకి బెత్తం మేడమ్ అని పేరు పెట్టుకున్నాం. "మీకు ఎక్కడ వీలుగా ఉంటే అక్కడ కూర్చోండి" అంది ఆవిడ ఇంగ్లీషులో. నాకు వీలైన చోటు నేలే. కార్పెట్ మీద సర్దుకుని కూర్చుని, శ్రుతి చేసుకుని, ఒక వర్ణం వాయించాను. ఆవిడ తన కుర్చీ కొంచెం ముందుకు లాక్కుని, నూతిలోకి చూస్తున్నట్టు కిందికి చూస్తూ చివరిదాకా వింది.

"చాలా బాగుంది. ఇదే కుర్చీలో కూడా వస్తుందా?" అంది.

"వస్తుంది" అన్నాను. రాకపోవడానికి ఏముంది, కుర్చీయే కదా అనుకున్నాను.

"కెన్ యూ రీడ్?"

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. చీర కట్టుకుని వస్తే చదువు రాదనుకుందా ఏమిటని కాస్త మనసు కష్టపెట్టుకునే, "యెస్, వెరీ వెల్" అన్నాను. ఆవిడ నన్ను రెండో వయొలిన్లలో, అంటే మొదటి వయొలిన్లు పాట వాయిస్తుంటే వెనకాల వంత వాయించే గుంపులో, ఆఖరి కుర్చీకి రాసుకుంది. కొత్తవాళ్ళని మొదటి కచేరీ వరకూ చూస్తామనీ, ఉంచేదీ లేనిదీ ఆ తర్వాత చెప్తాననీ అంది.

ఆవిడ అడిగింది ఏ చదువు గురించో మొదటి రిహార్సల్లో నా ముందు కాగితం పెట్టినప్పుడు అర్థమైంది. అయిదు గీతల మీద ఆవాలు ఒలికినట్టుంది ఆ కాగితం. కొన్ని ఆవాలకి తోకలు. కొన్ని తోకలకి జెండాలు. మాకు గురువుగారు పాడితే అది విని వాయించడమే చదువు, మహా అయితే పుస్తకంలో సరిగమలు రాసుకునేవాళ్ళం. అక్కడ చూస్తే అరవై మంది దాకా ఉన్నారు, అందరూ ఆ ఆవాలు చూసి గడగడా వాయించేస్తున్నారు. పళ్ళ డాక్టరు ఒకాయన పెద్ద ఇత్తడి బాకా ఊదుతున్నాడు. స్కూల్ నర్సు ఒకావిడ చెల్లో అనే పెద్ద వయొలిన్‌ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయిస్తోంది. (ఆవిడని చూడగానే ప్రాణం లేచొచ్చింది. నేల మీద కాకపోయినా, వాద్యాన్ని కిందికి దించి వాయించే మనిషి ఒకరున్నారు.)

ఆర్కెస్ట్రాలో ఇద్దరు వయొలిన్ వాళ్ళకి కలిపి ఒక స్టాండు, ఒక కాగితం. నా స్టాండుకి రెండో మనిషి ఒక పెద్దాయన. కార్ల ఫ్యాక్టరీలో డిజైన్ గదిలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన్ని నేను మనసులో స్టాండు తాతగారు అనుకునేదాన్ని, ఒకరోజు నోరు జారి పైకి కూడా అనేశాను. అర్థం చెప్తే సంతోషించి, ఆ తర్వాత తనే "హలో, దిసీజ్ టాటాగారూ" అని ఫోన్ చేసేవారు. నాకు లైసెన్స్ లేదని తెలిసి ప్రతి మంగళవారం తన కార్‌లో తీసుకెళ్ళేవారు. ఆ ఆర్కెస్ట్రా చరిత్ర అంతా నాకు ఆ కార్‌లోనే తెలిసింది. దాన్ని మొదలుపెట్టింది ఫ్యాక్టరీ పనివాళ్ళట. వాళ్ళలో ఎందరో యూరప్‌లో తలో దేశం నుంచీ వచ్చినవాళ్ళు, ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాదు. షిఫ్టు అయ్యాక క్యాంటీన్లో బల్లలు పక్కకి నెట్టి వాయించేవారట. తాతగారి నాన్నగారు అక్కడ పెద్ద డ్రమ్ములు వాయించేవారట.

"ఆయనకి సంగీతం వచ్చా?" అని అడిగాను.

"లేదు. ఆయన ప్రెస్ షాప్‌లో పనిచేసేవాడు. శబ్దం అలవాటు" అన్నారు తాతగారు.

నాకు ఆవాలు చదవడం రాదన్న సంగతి తాతగారు మొదటి రోజే కనిపెట్టారు. ఎవరికీ చెప్పలేదు. "కష్టమైన చోట కమానుని తీగలకి తగలకుండా గాలిలో ఆడించు. నేను ఎన్నో ఏళ్ళుగా అదే చేస్తున్నాను. మనిద్దరమూ ఒకేచోట ఆడించకుండా చూసుకుందాం" అన్నారు. కానీ గాలిలో ఆడించడం కూడా సులువు కాదు. ఆర్కెస్ట్రాలో కమానులన్నీ ఒకేసారి కిందికి, ఒకేసారి పైకి వెళ్ళాలి, కవాతులో కాళ్ళ లాగా. ముప్ఫై కమానులు కిందికి దిగుతుంటే నాది ఒక్కటీ పైకి లేచేది. రెండోవారం అలా లేచిన కమాను తాతగారి కళ్ళజోడుని తీసి ముందు వరసలో పడేసింది. "పర్వాలేదు, అది చదువుకునే కళ్ళజోడు. ఇక్కడ నాకు దానితో పెద్దగా పని లేదు" అన్నారాయన.

కుర్చీలో కూర్చుని, వయొలిన్‌ని గడ్డం కింద ఇరికించుకోవడం ఇంకో బాధ. మెడ పట్టేసేది. తల ఊపితే వయొలిన్ ఊగేది. మంచి సంగతి వచ్చినప్పుడు తల ఊపకుండా ఎలా ఉంటారో వీళ్ళు అని ఆశ్చర్యపోయేదాన్ని. నేను ఆర్కెస్ట్రాలో మొదట నేర్చుకున్నది సంగీతం కాదు, మెడ బిగపట్టడం.

చివరికి నాకొక ఉపాయం తోచింది. ఇంట్లో మా ఆయన కంప్యూటర్లో మేము కచేరీకి వాయించబోయే సింఫనీని నెమ్మదిగా పెడితే, నేను విని, ఒక్కొక్క ఆవగింజ మీదా పెన్సిల్‌తో తెలుగులో సరిగమలు రాసుకున్నాను. అది బాగానే పనిచేసింది, షడ్జమం, అంటే 'స', ఉన్నచోట ఉన్నంతసేపూ. వీళ్ళ సంగీతంలో షడ్జమం అద్దె ఇల్లు లాంటిది. చెప్పాపెట్టకుండా మధ్యలో ఖాళీ చేసి ఇంకో చోటికి వెళ్ళిపోతుంది, సామానంతా వెనకాలే మోసుకుపోవాలి. మంగళవారం ఆ కాగితం స్టాండు మీద పెడితే తాతగారు చాలాసేపు చూశారు. "అందంగా ఉంది. ఇది గుర్రపు నాడానా?" అని అడిగారు. "అది 'గ'. గాంధారం" అన్నాను. ఆ తర్వాత్తర్వాత ఆయనకి ఏడు అక్షరాలూ వచ్చేశాయి. ఒకరోజు రిహార్సల్ మధ్యలో నా చెవిలో, "ఇక్కడ నువ్వు 'ని' రాశావు, అది 'ధ' అనుకుంటా" అన్నారు. నిజమే, అది ధైవతమే.

ఇంతా చేసినా ఒకటి మాత్రం నా చేతిలో లేకుండా పోయింది. మా చేతికి స్వరాన్ని ఉన్నదున్నట్టు వదిలేయడం రాదు. కాస్త ఊపాలి, కింది స్వరం నుంచి పై స్వరానికి జారాలి. ఒక మంగళవారం బెత్తం మేడమ్ అందరినీ ఆపింది. "రెండో వయొలిన్లలో ఎవరో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నడిచి వెళ్ళకుండా జారి వెళ్తున్నారు. దయచేసి నడవండి" అంది. అందరూ తల దించుకున్నారు. నేను కూడా ఎవరా అన్నట్టు పక్కకి చూశాను. తాతగారు, "సారీ" అని చెయ్యెత్తారు.

అయినా మంగళవారం కోసం నేను ఎంతగా ఎదురుచూసేదాన్నో ఇంట్లో చెప్పలేదు. అంతమంది కలిసి ఒక్కసారి కమాను దించినప్పుడు ఆ శబ్దం చెవిలోకి రాదు, కుర్చీలోంచి వెన్నులోకి వస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి అది తెలియదు, లోపల కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. ఆ గదిలో మాత్రం నేను ఎవరి డిపెండెంటునీ కాదు, రెండో వయొలిన్ని. ఆ కుర్చీ ఉండి ఉండకపోతే ఆ చలికాలం మధ్యలోనే కాకినాడకి టికెట్ కొనిపించుకుని ఉండేదాన్ని.

కచేరీ రోజు రానే వచ్చింది. మా ఆయన మా తెలుగు స్నేహితులందరినీ పిలిచేశారు. మా గుంటూరు అక్క (సొంత అక్క కాదు, ఇక్కడికొచ్చాక దొరికిన అక్క), వాళ్ళాయన బావగారు, ఇంకా ఏడెనిమిది కుటుంబాలు. ఆడవాళ్ళు పట్టుచీరల మీద మంచు కోట్లు వేసుకొచ్చి మూడో వరస అంతా నిండిపోయారు. మొదలయ్యే ముందు బావగారు స్టేజీ దగ్గరికొచ్చి, "ఏమ్మా, నీ ఐటమ్ ఎప్పుడు?" అన్నారు.

"నాకు విడిగా ఏం లేదు బావగారూ. అందరం కలిసి వాయిస్తాం."

"అందరూ కలిసి వాయిస్తే నీదేదో మాకెట్టా తెలిసిద్ది? ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చాం."

"తెలియకపోతేనే బాగా వాయించినట్టు" అన్నాను. ఆయన నమ్మలేదు. నాకేదో మొహమాటం అనుకున్నారు.

సింఫనీలో మొదటి భాగం బాగానే గడిచింది. అది అవగానే మూడో వరస చప్పట్లు కొట్టింది. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకూడదని వాళ్ళకి నేను చెప్పి ఉండవలసింది. బెత్తం మేడమ్ వీపు కొంచెం బిగిసింది. తర్వాత రెండో భాగం, నెమ్మదిగా సాగేది. ఆ వరస వింటే నాకు అచ్చం కీరవాణి రాగం అనిపించేది. ఆ భాగం పొడుగునా పాటంతా మొదటి వయొలిన్ల వాళ్ళదే, మాకు వెనకాల "టుం, టుం" అనడమే పని. కానీ చివరికొచ్చేసరికి ఆ పాట ఒక్కసారి, ఒకే ఒక్కసారి, రెండో వయొలిన్లకి వస్తుంది. మేము దాన్ని పంచమం దాకా తీసుకెళ్ళి వదిలేస్తాం. అక్కడ కాగితం మీద జి.పి. అని రెండక్షరాలు ఉంటాయి. తాతగారు వాటి చుట్టూ సున్నా చుట్టి చెప్పారు: "గ్రాండ్ పాజ్. అందరూ ఆగాలి. ఊపిరి కూడా."

పాట మా దగ్గరికి వచ్చింది. అన్ని వారాలు "టుం, టుం" అన్నాక కీరవాణి చేతిలో పడితే మనిషికి ఎలా ఉంటుందో చెప్పలేను. కళ్ళు మూసుకున్నాను. మెడ కూడా వదిలేశాను. షడ్జమం, రిషభం, గాంధారం, అన్నీ నడిచే వెళ్ళాను, ఎక్కడా జారలేదు. పంచమం చేరాం. అందరూ ఆగారు. నా చెయ్యి ఆగలేదు. కీరవాణిని పంచమం మీద వదిలేసి లేచిపోవడం మా గురువుగారి ఇంటా వంటా లేదు. ధైవతం తాకి, నిషాదాన్ని ఒక్క ఊపు ఊపి, సర్రున జారి పై షడ్జమం మీద వాలాను, నింపాదిగా. హాలంతా సూది పడితే వినబడేంత నిశ్శబ్దంగా ఉన్నప్పుడు.

కళ్ళు తెరిచాను. బెత్తం గాలిలో ఉంది. దాని వెనక బెత్తం మేడమ్ మొహంలో ఏ భావమూ లేదు. అరవై మంది కదలకుండా ఉన్నారు. తాతగారు స్టాండు వైపే చూస్తున్నారు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అప్పుడు మూడో వరస నుంచి బావగారి గొంతు హాలంతా మోగింది.

"ఆహా! అద్దీ!"

మూడో వరస మొత్తం చప్పట్లు. "మన పిల్లే, మన పిల్లే" అని గుంటూరు అక్క పక్కనున్న అమెరికన్ ముసలావిడకి చెప్పడం స్టేజీ మీదికి వినబడింది. ఇంతమంది కొడుతున్నారంటే ఇక్కడ కొట్టాలి కాబోలనుకుని మిగతా హాలు కూడా మర్యాదగా అందుకుంది. బెత్తం అలా గాలిలోనే ఉంది. ఆవిడ చప్పట్లన్నీ అయ్యేదాకా ఆగి, ఆఖరి చప్పుడు కూడా ఆగాక ఇంకా కాసేపు ఆగి (అది ఆవిడకి రావలసిన నిశ్శబ్దం, తీసుకుంది), అప్పుడు దించింది. మిగతా సింఫనీలో నేను కమానుని పూర్తిగా గాలిలోనే ఆడించాను.

కచేరీ అయ్యాక లాబీలో కుకీలు పెట్టారు. నేను కోటు వేసుకుని పక్క తలుపులోంచి జారుకుందామనుకునేలోపు బావగారు నేరుగా బెత్తం మేడమ్ దగ్గరికి వెళ్ళి చెయ్యి కలపడం కనబడింది.

"వెరీ గుడ్ ప్రోగ్రామ్, మేడమ్. అవర్ గర్ల్స్ సోలో, ఎక్సలెంట్. బట్ టూ షార్ట్."

ఆవిడ ఆయన చెయ్యి వదిలింది. "రాసినదాని కంటే పొడుగే" అంది.

ఆ వారమంతా నేను ఇంట్లో ఏడుస్తూ తిరిగాను. కుర్చీ పోయిందని నాకు తెలిసిపోయింది. వాళ్ళు పొమ్మనకముందే నేనే మానేస్తానన్నాను. మా ఆయన చాలాసేపు ఆలోచించి, "మరి కింద ఇంటాయన సంగతి?" అన్నారు. ఆయన ఓదార్పు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. మంగళవారం తాతగారు మామూలుగానే కార్ తీసుకొచ్చి కింద హారన్ కొట్టారు. దారిలో చరిత్ర ఏమీ చెప్పలేదు. స్కూల్ దగ్గర కార్ ఆపాక మాత్రం, "నేనూ ఆ పాజ్‌లో ఏదైనా వాయించాలని కుర్రప్పటి నుంచీ అనుకుంటున్నాను. నాకెప్పుడూ ధైర్యం రాలేదు" అన్నారు.

బెత్తం మేడమ్ అందరి ముందూ నన్ను పిలిచింది. లేచి నిలబడ్డాను.

"అక్కడ ఏమీ రాయలేదని కదా నువ్వు వాయించావు?"

"యెస్ మేడమ్."

"ఆ నిశ్శబ్దం కూడా సింఫనీ రాసినాయన రాసిందే. ఇంకెప్పుడూ దాన్ని ముట్టుకోకు."

"యెస్ మేడమ్."

"మంచిది. కుర్చీ నీదే. ఇప్పుడు చెప్పు, అది అక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుంది?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ బెత్తంతో నేల చూపించింది. "ఆ రోజు నువ్వు పైకి వెళ్ళావు కదా. వెళ్ళి ఆగిపోయావు. వారం నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు. మిగతాది వాయించు."

చెల్లో వాయించే నర్సు తన కోటు తీసి కార్పెట్ మీద పరిచింది. దాని మీద కూర్చుని, గుండెకీ పాదానికీ మధ్య వయొలిన్ సర్దుకుని, కీరవాణి ఆలాపన మొదలుపెట్టాను. ఇంత కాలం బిగపట్టిన మెడ, ఆపిన జారుడూ అన్నీ ఒక్కసారి వదిలేశాను. ఎంతసేపు వాయించానో తెలియదు. కింది షడ్జమానికి వచ్చి, ముగించి, తలెత్తి చూశాను. అరవై మంది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. దగ్గు కూడా లేదు. అంతా అయిపోయిందనుకున్నాను. వీళ్ళకి నచ్చలేదు. నర్సుగారి కోటు దులిపి, మడతపెట్టి, చేతికిచ్చేసి, నా కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాను.

"అయిపోయిందా?" అన్నారు తాతగారు నెమ్మదిగా.

"అయిపోయింది."

"అయ్యో. ఇంకో భాగం ఉందేమో, మధ్యలో చప్పట్లు కొట్టకూడదని ఆగాం."

అప్పుడు కొట్టారు. బాకా డాక్టరు కాళ్ళతో కూడా కొట్టాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. వర్క్ పర్మిట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, సొంత ఇల్లు వచ్చింది, దాని కింద ఎవరూ లేరు. తాతగారు ఇప్పుడు లేరు. నేను రెండో వయొలిన్లలో రెండో వరసకి జరిగాను. ఆవాలు గడగడా చదివేస్తాను, నా కమాను అందరితో పాటే దిగుతుంది, జి.పి. దగ్గర నా చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. మొన్న ఇల్లు సర్దుతుంటే ఆ కచేరీ రికార్డింగ్ దొరికితే కార్‌లో పెట్టుకున్నాను. వెనక సీట్లో మా అమ్మాయి ఉంది. స్కూల్ ఆర్కెస్ట్రాలో చెల్లో వాయిస్తుంది, ఎవరు ఏ తప్పు చేసినా దానికి ఇట్టే తెలిసిపోతుంది. రెండో భాగం, కీరవాణి, పంచమం, నిశ్శబ్దం, ఆ తర్వాత ఆ జారుడు.

"అమ్మా! ఎవరో పాజ్‌లో ప్లే చేసేశారు!"

"అవును" అన్నాను.

"ఓ మై గాడ్. హూ డస్ దట్?"

"ఎవరో కొత్తమ్మాయి అయ్యుంటుంది."

అది ముందుకి వంగి వింది. స్పీకర్లో మూడో వరస చప్పట్లు వినబడుతున్నాయి. "బట్ షీ ఈజ్ ఇన్ ట్యూన్, అమ్మా" అంది, ఒప్పుకోక తప్పనట్టు.

సిగ్నల్ దగ్గర ఆగాక వెనక్కి తిప్పి ఇంకోసారి విన్నాను. నిజమే. ఆ పిల్లకి ఎక్కడ ఆగాలో తెలియలేదు గానీ, వాలిన చోట మాత్రం సరిగ్గా వాలింది.